నాలుగో జవాబు

నాగులపెంట,
ఆదిలాబాద్ జిల్లా.
8 జూన్ 2025

అత్తయ్యకు,

సంకేత్ నమస్కారాలు. ఈ ఉత్తరంలో చుట్టి పంపిన పెన్‌డ్రైవ్ జాగ్రత్త. గౌలిపురా ఇంట్లో నేను వదిలి వచ్చిన కంప్యూటర్‌కి దాన్ని పెట్టి 'పాత ఆట కొనసాగించు' నొక్కితే, నేను ఆపినచోట నుంచి నీకు మొదలవుతుంది. ఇక్కడ సిగ్నల్ కావాలంటే ఆఫీసు మేడ మీది నీళ్ల ట్యాంకు ఎక్కాలి. అందుకని బస్సు పార్సిలే మనకు ఇంటర్నెట్. ఒక విడత నేను ఆడతాను, ఒక విడత నువ్వు. ఆడినవాళ్లు ఏం చేశారో ఉత్తరం రాసి పెన్‌డ్రైవ్‌తో కలిపి పంపాలి. ఫోన్‌లో చెబితే ఆట చప్పబడిపోతుంది, చెప్పకూడదు.

పోయిన ఏడాది నువ్వు రిటైరవగానే ఇద్దరం కలిసి మంచి పాత్రతో ఈ ఆట పూర్తి చేశాం కదా. కనిపించిన ప్రతి ఊరినీ కాపాడి కాపాడి నీకే విసుగొచ్చింది. "ఈసారి రాక్షసులుగా ఆడదాంరా" అన్నావు. సరే, మన మంత్రగత్తెకి నువ్వు పెట్టిన పేరే ఉంచాను, తామసి. తెర పైన మూలలో ఉన్న పట్టీని గమనిస్తూ ఉండు. మంచి చేస్తే తెల్లబడుతుంది, చెడు చేస్తే నల్లబడుతుంది. పూర్తిగా నల్లబడితేనే చివర్లో చీకటి సింహాసనం తలుపు తెరుచుకుంటుంది.

నా వంతుగా మరమిల్లు ఊరిని తగలబెట్టేశాను. పట్టీ మూడోవంతు నల్లబడింది. కాని ఒక చిక్కొచ్చింది. మందులమ్మేవాణ్ణి కూడా కాల్చేశాను కాబట్టి తామసికి దెబ్బ తగిలితే మందు దొరకడం లేదు. మాట్లాడదామంటే మనిషి లేడు. ఆ బూడిదలో తిరిగి తిరిగి నాకే బోరు కొట్టింది. ఇంకో సంగతి, నవ్వకు: నిప్పు పెట్టేముందు అక్కడి కుక్కను విప్పి పంపేశాను.

నా గదిలో ఉండే ప్రణీత్ దానికే పడీపడీ నవ్వాడు. వాడు ఇక్కడ వ్యవసాయశాఖలో చేస్తాడు, చూస్తే పిల్లి కూనలా ఉంటాడు. వాడి చెడ్డతనం వేరు. తోడు వచ్చే పాత్రలన్నిటితో తీపిగా మాట్లాడి, వాళ్ల కష్టాలు విని, చివరి గుహ దగ్గర శత్రువులకు అమ్మేస్తాడు. "నమ్మినోణ్ణి ముంచితెనే మజా అన్నా, ఎవ్వరో తెల్వనోని ఇల్లు కాలవెడితె ఏమొస్తది?" అంటాడు.

ఉద్యోగం బాగానే ఉంది. రెండు నెలలకే అర్జీల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. నువ్వు ముప్పై ఏడేళ్లు కూర్చున్న కుర్చీలాంటిదే, ఒక కాలు ఊగుతుంది.

నీ
సంకేత్


గౌలిపురా,
హైదరాబాద్.
22 జూన్ 2025

చిరంజీవి సంకేత్‌కు,

విషయం: ఊళ్లు తగలబెట్టుట – అభ్యంతరములు తెలియజేయుట గురించి.
సూచిక: నీ ఉత్తరం, తేదీ 8-6-2025.

చెయ్యి అలవాటు పడిపోయిందిరా, విషయం, సూచిక రాయకపోతే కలం కదలదు.

నీ రాక్షసత్వం చూసి జాలేసింది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తావు. అందరినీ చంపేస్తే నిన్ను చూసి భయపడేదెవరు? మీ ప్రణీత్ నయం, కాస్త ఓపికున్న మనిషి. అయినా వాడూ చివరికి మోసం చేసి దొరికిపోతాడు. నేనెలా ఆడానో విను.

వంతెన ఊరికి వెళ్లాను. అక్కడ బావికి మంత్రముద్ర పడి ఉంది. అది తీయగలిగేది తామసి ఒక్కతే. నీలం శాలువా కప్పుకున్న ఒకావిడ వచ్చి, ఊళ్లో నీళ్లు లేక జనం జబ్బు పడుతున్నారు, ముద్ర తీయమని అడిగింది. తెర మీద నాలుగు జవాబులు వచ్చాయి. ఒకటి, ఇప్పుడే తీస్తాను. రెండు, బంగారం ఇస్తే తీస్తాను. మూడు, కత్తి దూయడం. నాలుగు, 'మరోసారి చూద్దాం'. నేను నాలుగోది నొక్కాను. ఆవిడ దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది, మళ్లీ నాలుగోదే. అలా పదకొండుసార్లు. పన్నెండో రోజు రాలేదు. వెళ్లి చూస్తే ఊళ్లో పిట్ట లేదు.

ఇప్పుడు అసలు సంగతి. పట్టీ వెంట్రుకవాసి కూడా నల్లబడలేదు! పైగా మధ్యలో ఒక ముసలాయన పడేసుకున్న చేతికర్ర తీసి ఇచ్చినందుకు కాస్త తెల్లబడింది. నేను ఎంత నవ్వానంటే, మీ నాన్న శ్రీహరి పక్కగదిలోంచి వచ్చి "ఏమైందక్కా?" అన్నాడు.

ఇక్కడి కబుర్లు. మీ చెల్లెలు మాన్య కాలేజీ ఫంక్షన్‌కి లక్క గాజులు కావాలంటే లాడ్‌బజార్ వెనక గల్లీకి వెళ్లాను. గాజులు చేసేచోట బాలవ్వ అనే ఆవిడ నన్ను ఆపింది. పింఛనుకు పెట్టుకుంటే ఇవ్వడం లేదట. ఆధార్‌లో బాలవ్వ అని ఉంది. కంప్యూటర్‌లోనేమో అదే ఇంటి నంబరు మీద, అదే భర్త పేరుతో బాలమ్మ అనే ఆవిడకు ఎప్పుడో మంజూరైనట్టు ఉందట. "ఆ బాలమ్మ ఎవ్వతో గాని మేడమ్, నా నసీబంత తింటున్నది. జర మీరు చూడుండ్రి" అంది. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయట, లక్క పని ఇంకెన్నాళ్లో చేయలేదట.

చూద్దాం అన్నాను. గాజులు బాగున్నాయి, మాన్యకు నచ్చాయి.

ఆశీస్సులతో,
అత్తయ్య నళిని


నాగులపెంట,
6 జూలై 2025

అత్తయ్యకు,

నువ్వు గెలిచావు. ఒప్పుకుంటున్నాను. కాని మనసు బాగోలేదు.

నీ ఆట తెరవగానే తామసి వంతెన ఊరి గేటు దగ్గర నిలబడి ఉంది. గేటు మీద ఆ నీలం శాలువా వేలాడుతోంది. నేను మరమిల్లు ఊళ్లో ఎంతమందిని చంపానో లెక్క కూడా లేదు, ఏమీ అనిపించలేదు. ఈ శాలువా చూశాక కంప్యూటర్ కట్టేసి బయటికి వెళ్లి టీ తాగి వచ్చాను. ప్రణీత్‌కి చూపిస్తే వాడు కూడా నవ్వలేదు. "మీ అత్తమ్మ డేంజర్ మనిషన్నా" అన్నాడు.

నేను ఇంకో పద్ధతి ప్రయత్నించాను. తామసికి ఒక కారణం పెట్టుకుందామని, చిన్నప్పుడు వీళ్లంతా ఆమెను ఊళ్లోంచి తరిమేశారని ఒక కథ అల్లుకుని ఆడాను. చెడు చేయడం భలే తేలికైపోయింది! ప్రతి దెబ్బకీ నాలోపల ఒక న్యాయం దొరుకుతోంది. ఒక పూటలో పట్టీ సగం దాటింది.

ఆఫీసులో మా సీనియర్ అసిస్టెంట్ ప్రకాశం సార్ నిన్న నాకు పాఠం చెప్పారు. "తమ్మీ, పని కాదని ఎవ్వరికి చెప్పకు. కాదంటె లొల్లి చేస్తరు, పైకి పోతరు. రేపు రమ్మను. రేపొచ్చినంక మల్ల రేపు రమ్మను. ఆల్లే ఆగిపోతరు." నాకు టక్కున నీ నాలుగో జవాబు గుర్తొచ్చింది. నువ్వు కూడా ఈ పాఠం ఎక్కడో నేర్చుకునే ఉంటావు కదూ? నిజం చెప్పు అత్తయ్యా, నీ కిటికీ దగ్గర ఎంతమంది శాలువాలు వదిలి వెళ్లారు?

బాలవ్వ సంగతి ఏమైంది? ఆ బాలమ్మ ముందుగా ఏ కాగితంలో పుట్టిందో పట్టుకుంటే చాలు, పొరపాటని రుజువు చేయొచ్చు. నీకు తెలియని దారి కాదు.

నీ
సంకేత్


గౌలిపురా,
20 జూలై 2025

సంకేత్‌కు,

తేదీ 6-7-2025 నాటి నీ ఉత్తరం అందింది. అందులో అడిగిన ప్రశ్న ప్రస్తుత విషయానికి సంబంధించినది కాదు.

ఈ రోజు లాల్‌దర్వాజ బోనాలు. పొద్దున్నించి మైకుల మోత, తలనొప్పిగా ఉంది. ఆట ఆడలేదు. పెన్‌డ్రైవ్ నా దగ్గరే ఉంచుకుంటున్నాను, కొన్నాళ్లు పంపను. నువ్వు కూడా బుద్ధిగా డిపార్ట్‌మెంట్ పరీక్షలకు చదువుకో.

ఆ గాజులావిడ విషయం చాలా పాతది. పాత కాగితాలు ఎక్కడని వెతుకుతాం? ఆమెకు కొడుకూ కోడలూ ఉన్నారు, చూసుకుంటారు.

నళిని


నాగులపెంట,
17 ఆగస్టు 2025

అత్తయ్యకు,

కోపం వచ్చిందని తెలుసు. ఏదో వేళాకోళానికి రాశాను, క్షమించు. నీ ఉత్తరంలో ఆశీస్సులు లేకపోవడం నా బుద్ధి తెలిసిన తరువాత ఇదే మొదటిసారి.

ఒకటి మాత్రం అడగకుండా ఉండలేను. మాన్య ఫోన్ చేసింది. బాలవ్వ కోడలు సోనీ మన ఇంటికి వచ్చి నీకోసం అడిగిందట. నువ్వు లోపల ఉండే, ఇంట్లో లేవని మాన్యతో చెప్పించావట. మాన్య చాలా బాధపడింది. "మా అత్తమ్మ రొండు దినాల సంది చెయ్యి లేవక పనికి పోతలేదు, మేడమ్ ఒక్క మాట చెప్తె అయితది" అని సోనీ గుమ్మంలోనే నిలబడి చెప్పిందట. నువ్వు అలాంటిదానివి కావు. ఒంట్లో బాగోలేదా?

నువ్వు ఫికర్ చేయకు, ఆ పని నేను మొదలుపెట్టాను. నాతోపాటు ఉద్యోగంలో చేరిన ఫణికుమార్ హైదరాబాద్‌లోనే ఉన్నాడు, పాత రికార్డులు చూసే సెక్షన్. రెండు వారాల్లో పాత రిజిస్టర్ తీస్తానన్నాడు. ఆ పేరు మార్చిన మహానుభావుడెవరో తేలిపోతుంది. బతికి ఉంటే వెళ్లి నాలుగు కడిగేయాలని ఉంది. ఎవరో ఒకడు తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడై ఉంటాడు, లేదా తాగి రాసి ఉంటాడు.

ఇక్కడ కూడా అలాంటిదే ఒకటి జరిగింది. పొలం కాగితం కోసం ఒక పెద్దాయన వచ్చాడు, తండ్రి పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది. మధ్యాహ్నం భోజనం టైమైంది. రేపు రమ్మన్నాను. వెళ్లిపోయాక అటెండర్ చెప్పాడు, ఆయన తొమ్మిది కిలోమీటర్లు నడిచి వచ్చాడని. మర్నాడు రాలేదు. ఇంకా రాలేదు.

నీ
సంకేత్


గౌలిపురా,
31 ఆగస్టు 2025

నాన్నా సంకేత్,

ఈ ఉత్తరానికి విషయం, సూచిక లేవు.

ఫణికుమార్ రిజిస్టర్ తీసేలోపల నీకు నేనే చెప్పాలి. ఆ బాలమ్మను పుట్టించింది నేను.

1988. ఉద్యోగంలో చేరి రెండో ఏడు. మీ తాతయ్య బదిలీ మీద బందరు నుంచి ఈ ఊరొచ్చి ఇంకా రెండేళ్లు నిండలేదు. ఇక్కడి మాట నాకు సగం అర్థమయ్యేది, సగం నవ్వొచ్చేది. ఒకరోజు నా వయసు అమ్మాయి ఒకతె చంకలో పిల్లాడితో వచ్చింది. మొగుడు పోయాడు, సాయం కోసం అర్జీ. పేరడిగితే బాలవ్వ అంది. మా బందరులో అవ్వ అంటే పళ్లూడిన ముసలమ్మ. పాతికేళ్ల పిల్లకి ఆ పేరేమిటి? "పిలిచే పేరు కాదమ్మా, అసలు పేరు చెప్పు" అన్నాను. "గదేనమ్మా, బాలవ్వ" అని తల దించుకుంది. చదువులేని పిల్ల, పేరు కూడా సరిగా చెప్పలేకపోతోంది అనుకున్నాను. మర్యాదగా ఉంటుందని బాలమ్మ అని రాశాను. ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ఈ ఊళ్లో ఎల్లవ్వలు, మల్లవ్వలు వీధికి పదిమంది ఉంటారని నాకు తెలిసేసరికి ఆరు నెలలు పట్టింది.

మనియార్డరు బాలమ్మ పేరున వెళ్లింది. పోస్టుమాన్ ఆమె రేషన్ కార్డు చూసి, ఈ మనిషి వేరని వెనక్కి పంపేశాడు. ఆమె నా దగ్గరికి వచ్చింది. దిద్దడం నిమిషం పని. కాని దిద్దాలంటే, పొరపాటు నాది అని ఎర్రసిరాతో రాసి సంతకం పెట్టాలి. నా ప్రొబేషన్ పూర్తి కాలేదు. అప్పటి ఆఫీసరు నిప్పులు కక్కేవాడు. భయపడ్డాను. ఫైలు మీద 'పేరులో వ్యత్యాసమున్నది, తగు ఆధారము చూపవలెను' అని రాశాను. వ్యత్యాసం నేను చేసి, ఆధారం ఆమెను అడిగాను.

పద్నాలుగు నెలలు తిరిగింది. వచ్చినప్పుడల్లా కుర్చీ వేశాను. పిల్లాడికి బిస్కెట్లు పెట్టాను. ఒక్కనాడు కూడా విసుక్కోలేదు. రేపు రా అమ్మా, చూద్దాం అని నవ్వుతూ చెప్పేదాన్ని. ఒకరోజు నుంచి రావడం మానేసింది. అర్జీదారు హాజరు కాలేదని రాసి ఫైలు కట్టేశాను. ఆ రోజు నాకు హాయిగా అనిపించింది. అది కూడా రాస్తున్నాను, ఎందుకంటే దాచినవి ఇక చాలు. మంజూరు మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. ఆ జాబితా చేతులు మారి మారి కంప్యూటర్‌లోకి ఎక్కి కూర్చుంది.

జూన్‌లో గాజుల గల్లీలో ఆమె నన్ను ఆపినప్పుడు నీకు చెప్పనిది ఒకటుంది. నన్ను గుర్తుపట్టింది. నలుగురినీ పిలిచి చూపించింది. "అప్పట్ల అందరు కుక్కలను కొట్టినట్టు కసురుకునేటోళ్లు. గీ మేడమ్ ఒక్కతె కుర్సీ ఏసేది. మస్తు మంచిది. గా పేరే నాకు కలిసిరాలే" అంది. సంకేత్, ఆ మాట విని ఇంటికొచ్చిన వారంలోనే నేను వంతెన ఊరి ఆట ఆడాను. చెయ్యి దానంతటదే నాలుగో జవాబు మీదికి వెళ్లింది. పట్టీ కదలకపోతే నవ్వానని రాశాను కదా. మీ నాన్న వచ్చి చూసేసరికి నేను ఏడుస్తున్నాను.

నువ్వు, ప్రణీత్ ఆడేది ఎలాగైనా ఆటే. చెడ్డవాణ్ణి అని ముందే ఒప్పుకుని, ఆ పేరు పెట్టుకుని మొదలుపెడతారు. నేను ఒప్పుకోకుండా ఆడాను, మంచిదాన్ననిపించుకుంటూ ఆడాను. పిల్లికి చెలగాటం అంటారు గాని, నాకు అది చెలగాటమని కూడా తెలియలేదు.

శుక్రవారం నేనే ఆ కార్యాలయానికి వెళ్లి రిజిస్టర్ ఉందో లేదో చూసి వచ్చాను. ఉంది. ఇక వెళ్లి బాలవ్వకు చెప్పాలి. కాగితం మీద సంతకం పెట్టడానికి నాకు భయం లేదు. ఆ గల్లీలో నలుగురి ముందు ఆమె నన్ను మంచిదన్నది చూడు, ఆ మాట పోగొట్టుకోవడానికి కాళ్లు రావడం లేదు. రెండుసార్లు చార్మినార్ దాకా వెళ్లి తిరిగొచ్చాను.

ఆ తొమ్మిది కిలోమీటర్ల పెద్దాయన ఊరి పేరు నీ దగ్గర ఉంటుంది. బండి తీసుకుని వెళ్లు.

అత్తయ్య


నాగులపెంట,
31 ఆగస్టు 2025

అత్తయ్యకు,

చిన్న ఉత్తరం. ఫణికుమార్ వెతికాడు. ఆ ఏడాది రిజిస్టర్లు చెదలు పట్టి పోయాయట, ఏమీ దొరకలేదు. మాన్య దగ్గర నంబరు తీసుకుని సోనీకి కూడా ఫోన్‌లో అదే చెప్పేశాను. కొత్తగా అర్జీ పెట్టుకోమన్నాను, ఎప్పటికో అవుతుంది.

నువ్వన్నట్టు పాత విషయం, వదిలేద్దాం. నువ్వు ఏమీ మనసులో పెట్టుకోకు. వేళకు తిను. పెన్‌డ్రైవ్ పంపు, సింహాసనం దాకా వెళ్దాం.

నీ
సంకేత్


నాగులపెంట,
4 సెప్టెంబర్ 2025

అత్తయ్యకు,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి ఉంటాయి. నీది చదివాను. నాది నువ్వు చదివే ఉంటావు, చదవగానే అబద్ధమని తెలిసిపోయి ఉంటుంది.

రిజిస్టర్‌కి చెదలు పట్టలేదు. ఫణి ఫోటో తీసి పంపాడు, ప్రింటు ఇందులో పెట్టాను. చూడగానే పోల్చుకున్నాను. ఆ 'మ' తోక నువ్వు నా చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించిందే, నేను ఇప్పటికీ అలాగే రాస్తాను. ఫోటో చూసిన పది నిమిషాల్లో ట్యాంకెక్కి సోనీకి ఫోన్ చేశాను. దొరకలేదని చెప్పాను. ఆ అమ్మాయి ఏమందో తెలుసా? "అయ్యో, మీకు తక్లీఫ్ ఇచ్చినం భయ్యా" అంది.

నేను మరమిల్లు ఊరు కాల్చినప్పుడు చెడు చేస్తున్నానని తెలుసు. ఆ ఫోన్ చేసినప్పుడు మాత్రం తెలియలేదు అత్తయ్యా. మా అత్తయ్య మీద మాట రాకూడదు అనుకున్నాను అంతే. ప్రేమగానే అనిపించింది. నీ ఉత్తరం రాకపోయి ఉంటే, జీవితమంతా అది మంచిపనే అనుకునేవాణ్ణి.

సోనీకి మళ్లీ ఫోన్ చేశాను. నిజంగా ఏం జరిగిందో చెప్పడం నా పని కాదు కాబట్టి, రిజిస్టర్ దొరికిందని మాత్రం చెప్పాను, ముందు అబద్ధమాడానని కూడా చెప్పాను. ఆమె ఫోన్ పెట్టేసింది.

పెద్దాయన ఊరికి వెళ్లాను. కాగితం ఆయన ఇంటి అరుగు మీదే పూర్తి చేశాను. టీ ఇచ్చారు. తాగలేక తాగాను.

నువ్వు వెళ్లు అత్తయ్యా. కాళ్లు రాకపోతే ఆటోలో వెళ్లు.

సంకేత్


గౌలిపురా,
28 సెప్టెంబర్ 2025

నాన్నా సంకేత్,

వెళ్లాను. చెప్పాను. ఎలా జరిగిందో నీకు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

పొద్దున్న పదింటికి గాజుల గల్లీకి పోయాను. బాలవ్వ కుంపటి ముందు కూర్చుని లక్కను వేడిచేసి సాగదీస్తోంది. చెయ్యి వణుకుతూనే ఉంది. నన్ను చూసి, "రాండ్రి రాండ్రి మేడమ్" అని ముక్కాలిపీట జరిపింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. ఇంటి దగ్గర అనుకుని వచ్చిన మాటలేవీ రాలేదు. బాలమ్మ అని రాసింది నేనే, తప్పని తెలిసీ దిద్దలేదు, తిప్పించుకున్నాను, ఇంతే చెప్పాను. చుట్టూ పనిచేసేవాళ్లు చేతులు ఆపారు. వాళ్లతో పని చేయించే ఉస్తాద్ రేడియో కట్టేశాడు.

బాలవ్వ లక్క కడ్డీని పక్కన పెట్టింది. తరువాత అంది:

"గట్లనా? నేను నా నోరే మంచిది కాదనుకున్న. ఆఫీసుల సొంత పేరు సక్కగ చెప్పరాకపాయె, గందుకే గిట్లయిందనుకున్న. ఆనాటి సంది ఏడికి పోయిన నేను నోరు తెరువ. మొదలు మా ఆడబిడ్డ చెప్పేది నా పేరు, గిప్పుడు సోనీ చెప్తది. దవాఖానల గూడ సోనీయే చెప్తది."

సంకేత్, పింఛను పోగొట్టాననుకుంటూ వచ్చాను. నేను పోగొట్టింది అదొక్కటే కాదు.

క్షమించమని అడిగాను. "మాఫీ సంగతి తర్వాత" అంది. "నాకు కోపం గూడ వస్తలేదు. ఇన్నేండ్లు అందరికి నీ మంచితనమే చెప్పుకున్న. గిప్పుడు గా మాటలన్ని ఏడ వెట్టాలె?" అప్పటిదాకా మీరు అన్న మనిషి నువ్వు అంది. ఆ మాట నాకు తగినదే. ఆ తరువాత, "సోమవారం ఆఫీసుకు రా. గీ మాట ఆడ చెప్పు, గీడ కాదు" అంది.

సోమవారం వెళ్లాను. పొరపాటు ఎలా జరిగిందో, ఎవరు చేశారో, తెలిసీ ఎందుకు దిద్దలేదో రాసి సంతకం పెట్టిన కాగితం, నువ్వు పంపిన ఫోటో ఇచ్చాను. ఆఫీసరు చిన్నవాడు, నన్ను బాగా ఎరిగినవాడు. "మేడమ్, గిదంత రాయాల్నా? క్లర్క్ తప్పని రాస్తె సరిపోతది గదా" అన్నాడు. ఉండనివ్వమన్నాను. నాకు నోటీసు రావచ్చట. రానీ. బాలమ్మ మంజూరు తీసేసి, కొత్త అర్జీ అదేరోజు ఎక్కించమని కిటికీకి పంపాడు. పింఛను ఇంకా రాలేదు, రెండు నెలలు పడుతుందన్నారు. నేను ప్రతి సోమవారం పోయి అడుగుతున్నాను.

నువ్వు మళ్లీ ఆట సంగతి అడుగుతావు. ఆడతాను. రాక్షసిగానే ఆడతాను, కాని నీలాగా ముందు ఒప్పుకుని. మన ఇద్దరిలో ఎవరిది నిజమైన చెడ్డతనమో ఆ పట్టీకి తెలియదని తెలుసుకున్నాక ఆడటంలో తప్పు లేదనిపిస్తోంది. పెన్‌డ్రైవ్ ఇందులో పెట్టాను, కొత్త ఆట మొదలుపెట్టి పంపు.

ఆ రోజు కిటికీ దగ్గర జరిగింది చెప్పి ముగిస్తాను. లోపల చిన్న పిల్ల, కొత్తగా చేరినట్టుంది, తల ఎత్తకుండానే పేరడిగింది. సోనీ నోరు తెరవబోయింది. బాలవ్వ కోడలి మణికట్టు పట్టుకుని ఆపింది. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. ఆ పిల్ల మళ్లీ అడిగింది. నేను పక్కనే ఉన్నాను. చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. మూడోసారికి ఆమె చెప్పింది. ఎంత గట్టిగానంటే వరసలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

"బాలవ్వ!"

"ఇనవడ్డది అమ్మా" అని ఆ పిల్ల నవ్వి, అక్షరం అక్షరం పలుకుతూ కంప్యూటర్‌లో కొట్టింది.

బయటికొచ్చాం. సోనీ ఆటో పిలిచింది. ఇద్దరూ ఎక్కాక, నాకు చోటు ఇస్తూ సోనీ లోపలికి జరిగింది. బాలవ్వ నా వైపు చూసింది. తరువాత ఆటోవాడి భుజం మీద తట్టి, "చలో బేటా, పోనియ్యి" అంది.

ఆటో మలుపు తిరిగేదాకా నిలబడి, ఇంటికి నడిచి వచ్చాను.

ఆశీస్సులతో,
అత్తయ్య